టవర్ లేని ఎయిర్‌పోర్టులో రన్‌వే ఎక్కే ముందు, దిగే ముందు ఏం చేయాలి

అమెరికాలో ఫ్లయింగ్ నేర్చుకుంటున్న మన తెలుగు పిల్లలు మొదటి సోలో క్రాస్ కంట్రీకి, అంటే ఒంటరిగా వేరే ఊరికి ఎగిరే ఫ్లైట్‌కి, ప్లాన్ వేసుకునేటప్పుడు నన్ను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. “అన్నా, అక్కడ టవర్ లేదు కదా, మరి ల్యాండ్ అవ్వమని ఎవరు చెప్తారు?”

ఎవరూ చెప్పరు. ముందు ఎవరు దిగాలి, ఎవరు ఆగాలి అన్నది ఆ చుట్టుపక్కల ఎగురుతున్న పైలట్లే చూసుకుని, విని, మాట్లాడుకుని తేల్చుకోవాలి. ఇదేదో మారుమూల వ్యవహారం అనుకోకండి. అమెరికాలో అందరూ వాడుకునే ఎయిర్‌పోర్టులు దాదాపు 5,000 ఉంటే, అందులో టవర్ ఉన్నవి 500 పైచిలుకు మాత్రమే. ఆ టవర్లలో కూడా చాలావరకు రాత్రి మూసేస్తారు. మూసిన మరుక్షణం నుంచి అదీ టవర్ లేని ఎయిర్‌పోర్టే.

ఇది ట్రైనింగ్‌లో ఉన్నవాళ్ళ కోసం, కొత్తగా లైసెన్స్ వచ్చినవాళ్ళ కోసం రాస్తున్నాను. పద్ధతులన్నీ అమెరికావి. వేరే దేశంలో ఎగిరేవాళ్ళు అక్కడి నియమాలు విడిగా చూసుకోవాలి. అన్నిటికంటే ముందు ఒక ప్రమాదం గురించి చెప్పాలి. అది తెలిస్తే తర్వాత చెప్పే ప్రతి అడుగు ఎందుకో అర్థమవుతుంది.

క్విన్సీలో ఏం జరిగింది

1996 నవంబర్ 19. ఇల్లినాయ్ రాష్ట్రంలో క్విన్సీ ఎయిర్‌పోర్టు. సాయంత్రం 5 దాటింది, వెలుగు తగ్గుతోంది. టవర్ లేదు. యునైటెడ్ ఎక్స్‌ప్రెస్ 5925 అనే బీచ్ 1900 విమానం పదిమంది ప్రయాణికులు, ఇద్దరు పైలట్లతో రన్‌వే 13 మీద దిగడానికి వస్తోంది. ఆ రన్‌వేకి అడ్డంగా రన్‌వే 4 ఉంది. దాని మీదకి కింగ్ ఎయిర్ అనే ఇంకో విమానం టేకాఫ్ కోసం ఎక్కింది. కింగ్ ఎయిర్ వెనకాల ఒక చిన్న పైపర్ చెరోకీ తన వంతు కోసం ఆగి ఉంది.

బీచ్ పైలట్లు జాగ్రత్తగానే ఉన్నారు. దూరం నుంచే రేడియోలో చెప్పుకుంటూ వచ్చారు. బాగా దగ్గరికి వచ్చాక, రన్‌వే 4 మీద ఉన్న విమానం ఆగుతుందా, బయల్దేరుతుందా అని అడిగారు కూడా. కింగ్ ఎయిర్ నుంచి జవాబు రాలేదు. వెనకాల ఉన్న చెరోకీ పైలట్ మాత్రం, తను రన్‌వే 4 దగ్గర టేకాఫ్ కోసం ఆగి ఉన్నానని చెప్పాడు. ఆ మాటలు వినబడుతుండగానే బీచ్ కాక్‌పిట్‌లో భూమి దగ్గర పడుతోందని చెప్పే హెచ్చరిక యంత్రం “టూ హండ్రెడ్” అని పలికింది. చెరోకీ మాటలో ముక్క ఒకటి అందులో కలిసిపోయింది. బీచ్ పైలట్లకి అది కింగ్ ఎయిర్ ఇచ్చిన జవాబులా తోచింది. ఆగుతున్నందుకు థాంక్స్ చెప్పి దిగేశారు. “నేను కింగ్ ఎయిర్‌ని కాదండీ” అని చెరోకీ నుంచి మళ్ళీ మాట రాలేదు. కింగ్ ఎయిర్ బయల్దేరింది. రెండు రన్‌వేలు కలిసే చోట రెండూ ఢీకొన్నాయి.

మొత్తం 14 మంది చనిపోయారు. బీచ్‌లో ఉన్నవాళ్ళు ఢీకొన్న దెబ్బకి పోలేదు. తలుపు తెరుచుకోక, పొగకీ మంటకీ పోయారు. ఎయిర్‌పోర్టులో ఉన్న వేరే పైలట్లు పరుగెత్తుకుంటూ వెళ్ళి బయటి నుంచి తలుపు తీయబోయారు, రాలేదు. దర్యాప్తు చేసిన ఎన్‌టీఎస్‌బీ (అమెరికాలో రవాణా ప్రమాదాలను విచారించే సంస్థ), కింగ్ ఎయిర్ పైలట్లు రేడియో సరిగ్గా వినకపోవడం, చుట్టూ సరిగ్గా చూడకపోవడమే కారణమని తేల్చింది. తెగిపోయిన చెరోకీ మాట, దాన్ని బీచ్ పైలట్లు వేరేగా అర్థం చేసుకోవడం కూడా దానికి తోడయ్యాయని చెప్పింది.

మౌనం అర్ధాంగీకారం అంటాం మనం. రన్‌వే మీద ఆ మాట మర్చిపోవాలి. జవాబు రాలేదంటే ఒప్పుకున్నట్టు కాదు, అక్కడ ఎవరూ లేరనీ కాదు. ఇక రెండోది మన మొహమాటం. పెద్ద విమానం, అనుభవం ఉన్న గొంతు, నేనెవర్ని మధ్యలో మాట్లాడ్డానికి అని మనవాళ్ళు వెనక్కి తగ్గుతారు. నా స్టూడెంట్లలో చాలాసార్లు చూశాను. మీ మాట అవతలివాళ్ళు తప్పుగా అర్థం చేసుకున్నారని ఏమాత్రం అనుమానం వచ్చినా వెంటనే బటన్ నొక్కి సరిదిద్దండి. ఎవరు మాట్లాడారో తెలియకపోతే అడగండి. వాళ్ళు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

ఇంటి దగ్గరే చేయాల్సిన పని

ముందు రోజు రాత్రి చార్ట్ సప్లిమెంట్ (ఎయిర్‌పోర్టుల వివరాలు ఉండే అధికారిక పుస్తకం) తీసి, వెళ్ళబోయే ఎయిర్‌పోర్టు పేజీ మొత్తం చదవండి. ఫ్రీక్వెన్సీ ఒక్కటే చూసి మూసేయకండి. అక్కడ పైలట్లందరూ మాట్లాడుకునే ఉమ్మడి ఫ్రీక్వెన్సీని సీటాఫ్ అంటారు. చార్ట్ మీద ఆ అంకె పక్కన గుండ్రంలో సి అక్షరం ఉంటుంది. రన్‌వేలు ఎన్ని, ఒకదానికొకటి అడ్డంగా ఉన్నాయా, ప్యాటర్న్, అంటే దిగే ముందు రన్‌వే పక్కన తిరిగే దీర్ఘచతురస్రపు దారి, ఎడమ వైపా కుడి వైపా చూడండి. అందులో రన్‌వే పక్కగా, దిగే దిశకి వ్యతిరేకంగా వెళ్ళే భాగం డౌన్‌విండ్, అక్కడి నుంచి రన్‌వే వైపు తిరిగి అడ్డంగా వచ్చేది బేస్, రన్‌వేకి నేరుగా దిగే చివరి భాగం ఫైనల్. విడిగా చెప్పకపోతే మలుపులన్నీ ఎడమకే. కుడి అయితే చార్ట్ మీద ఆర్‌పీ అని రాసి పక్కన రన్‌వే నంబర్ వేస్తారు. ప్యాటర్న్ ఎత్తు సాధారణంగా నేల నుంచి 1,000 అడుగులు, పెద్ద విమానాలకి, టర్బైన్ విమానాలకి 1,500.

పేజీ చివర ఉండే చిన్న వ్యాఖ్యలు చాలామంది చదవరు. నా దృష్టిలో అసలు సరుకు అక్కడే ఉంటుంది. ఒక చివర నుంచి రెండో చివర కనబడదు, గ్లైడర్లు తిరుగుతాయి, పొలాలకి మందు కొట్టే విమానాలు ఉంటాయి, రన్‌వే మీదకి జింకలు వస్తాయి, గాలి లేనప్పుడు ఫలానా రన్‌వే వాడండి అన్నవి అందులోనే దొరుకుతాయి. తర్వాత నోటమ్‌లు, అంటే పైలట్లకి ఇచ్చే తాజా హెచ్చరికలు, చూడండి. రన్‌వేలు, ట్యాక్సీవేలు (రన్‌వేకి వెళ్ళొచ్చే దారులు), విండ్‌సాక్ (గాలి దిక్కు చూపే గుడ్డ గొట్టం) ఉన్న చోటు ఒక కాగితం మీద మీ చేత్తో బొమ్మ గీసుకోండి. ట్యాబ్లెట్‌లో బొమ్మ ఉంది కదా అనొద్దు. చేత్తో గీస్తే బుర్రలో ఉండిపోతుంది.

ఇంజన్ స్టార్ట్ చేసిన దగ్గర్నుంచి వినడం

ఇంజన్ స్టార్ట్ అవ్వగానే రేడియో ఆన్ చేసి సీటాఫ్ పెట్టండి. ఫ్రీక్వెన్సీ అంకెని పెదవులు కదిపి బయటికి చదవండి, చార్ట్ మీద వేలు పెట్టి సరిచూసుకోండి. ఎందుకు ఇంతలా చెప్తున్నానో కాసేపట్లో చెప్తాను. ఆటోమేటిక్ వాతావరణ సమాచారం విన్నాక, మాట్లాడే ముందు కనీసం ఒక నిమిషం ఊరికే వినండి. ఎవరెవరు ఉన్నారో, ఏ రన్‌వే వాడుతున్నారో మోకాలి మీద ప్యాడ్‌లో రాసుకోండి: “ఎర్ర చెరోకీ, డౌన్‌విండ్”, “కింగ్ ఎయిర్, 8 మైళ్ళు, ఉత్తరం”. ఆ జాబితాలో ప్రతి ఒక్కరూ ఇప్పుడు ఎక్కడ ఉండాలో మీకు తెలిసే దాకా రన్‌వే జోలికి వెళ్ళకండి.

అధికారిక సలహా ప్రకారం బయల్దేరేవాళ్ళు ఇంజన్ స్టార్ట్ దగ్గర్నుంచి 10 మైళ్ళు దాటే వరకూ, వచ్చేవాళ్ళు 10 మైళ్ళ దూరం నుంచీ ఆ ఫ్రీక్వెన్సీ వింటూ ఉండాలి. రెండు రేడియోలు ఉంటే ఒకటి దానికే వదిలేయండి. ఇన్‌స్ట్రుమెంట్ ఫ్లైట్ ప్లాన్ మీద, అంటే పరికరాల ఆధారంగా కంట్రోలర్ అనుమతితో ఎగురుతూ వచ్చేవాళ్ళు రాడార్ కంట్రోలర్‌తో మాట్లాడుతూ మన ఫ్రీక్వెన్సీకి ఆలస్యంగా మారతారు. అప్పటిదాకా లేని విమానం ఒక్కసారిగా 5 మైళ్ళ దగ్గర వినబడితే అందుకే.

రేడియోలో ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి

వరస ఇది: ఊరి పేరు, మీరెవరు, ఎక్కడున్నారు, ఎంత ఎత్తులో ఉన్నారు, ఏం చేయబోతున్నారు, ఏ రన్‌వే, మళ్ళీ ఊరి పేరు. ఉదాహరణకి: “క్విన్సీ ట్రాఫిక్, వైట్ స్కైహాక్ వన్ టూ త్రీ ఫోర్ ఫైవ్, టెన్ మైల్స్ సౌత్, టూ థౌజండ్ ఫైవ్ హండ్రెడ్, ఇన్‌బౌండ్ ఫర్ ల్యాండింగ్, రన్‌వే వన్ త్రీ, క్విన్సీ.”

ఊరి పేరు రెండుసార్లు ఎందుకంటే, 122.8 లాంటి ఒకే ఫ్రీక్వెన్సీని చుట్టుపక్కల ఎన్నో ఎయిర్‌పోర్టులు వాడుకుంటాయి. మొదటిసారి చెప్పినప్పుడు ఇంకొకరి మాట అడ్డుపడి ఉండొచ్చు. రంగు చెప్పడం మంచి అలవాటు. తోక మీద నంబర్ దూరం నుంచి ఎవరికీ కనబడదు, తెలుపో ఎరుపో కనబడుతుంది.

మన నోటికి సంబంధించిన విషయం ఒకటి. తెలుగువాళ్ళం ఇంగ్లిష్ వేగంగా మాట్లాడతాం, టెన్షన్‌లో ఇంకా వేగంగా. పైగా ఇంగ్లిష్‌లో నాలుగుని సూచించే ఫోర్‌కీ, కోసం అనే అర్థంలో వచ్చే ఫర్‌కీ చెవికి తేడా తెలియదు. రెండు అనే టూ, వైపు అనే టు కూడా అంతే. రన్‌వే నంబర్ దగ్గర అర సెకను ఆగి అంకెలని విడివిడిగా చెప్పండి: “రన్‌వే... ఫోర్”. వన్ త్రీ, త్రీ వన్ తారుమారు కావడం నేను లెక్కలేనన్నిసార్లు విన్నాను, అనుభవం ఉన్నవాళ్ళ నోటి నుంచి కూడా. రన్‌వే నంబర్ దాని దిక్కుని బట్టే ఉంటుంది కాబట్టి, విమానం దిక్కు చూపే హెడింగ్ ఇండికేటర్ వైపు చూసి నంబర్ చెప్తే ఈ తప్పు దాదాపు రాదు.

రెండు మాటలు మానేయండి. మొదటిది, “చుట్టుపక్కల ఎవరైనా ఉంటే చెప్పండి” అని అందర్నీ అడగడం. పైలట్లకి ఇచ్చే అధికారిక మాన్యువల్‌లోనే ఇది వాడొద్దని ఉంది. పదిమంది ఒకేసారి జవాబిస్తే ఎవరి మాటా వినబడదు. కానీ ఫలానా విమానాన్ని పేరు పెట్టి అడగడం వేరు, అది తప్పకుండా చేయాలి: “కింగ్ ఎయిర్ ఆన్ రన్‌వే ఫోర్, ఆర్ యూ హోల్డింగ్ ఆర్ డిపార్టింగ్?” జవాబులో కింగ్ ఎయిర్ అన్న మాట మీ చెవిన పడాలి. పడకపోతే జవాబు రానట్టే లెక్క. రెండోది, ఇన్‌స్ట్రుమెంట్ అప్రోచ్‌లో వస్తూ చార్ట్ మీద ఉండే ఫిక్స్ (దారిలో గుర్తు కోసం పేరు పెట్టిన బిందువు) పేర్లు చెప్పడం. పదో గంట ట్రైనింగ్‌లో ఉన్న కుర్రాడికి ఆ పేరు తెలియదు. “ఫైవ్ మైల్ ఫైనల్” అనండి.

పసుపు గీతల దగ్గర

నన్నడిగితే మొత్తం ఫ్లైట్‌లో అత్యంత విలువైన అర నిమిషం ఇదే.

ట్యాక్సీవే రన్‌వేని కలిసే ముందు నేల మీద నాలుగు పసుపు గీతలుంటాయి. రెండు నిండు గీతలు, రెండు తెగిన గీతలు. నిండు గీతల వైపు మీరుంటే ఆగాలి. విమానంలో ఏ భాగమూ వాటిని దాటకూడదు. గడ్డి రన్‌వేల దగ్గర ఈ గీతలు ఉండకపోవచ్చు. అక్కడ వచ్చే విమానం రెక్క మీకు తగలనంత దూరంలో మీరే గీత గీసుకుని ఆగండి.

ఇంజన్ పరీక్షలు, చెక్‌లిస్ట్ అన్నీ ఇక్కడికి రాకముందే పూర్తి కావాలి. గీత దగ్గర తల కిందికి దించకూడదు. ఇప్పుడు విమానాన్ని కొంచెం తిప్పి, బేస్, ఫైనల్ రెండూ ముందు అద్దంలోంచి కనబడేలా నిలబెట్టండి. సెస్నాలో పై రెక్క అడ్డం వస్తుంది కాబట్టి ఇంకాస్త ఎక్కువ తిప్పాలి. ఫైనల్‌ని నేల నుంచి పైకి చూడండి. చాలామంది ఆకాశాన్నే చూస్తారు, చెట్ల చివర్ల దగ్గర ఉన్న విమానం తప్పిపోతుంది. తర్వాత బేస్, డౌన్‌విండ్, అవతలి వైపు బేస్. తర్వాత రన్‌వే పొడవునా చూపు నడిపించి రెండో చివర, ఆ చివర వైపు ఫైనల్. అడ్డంగా ఇంకో రన్‌వే ఉంటే దానికీ రెండు చివర్లు. గడ్డి కోసే ట్రాక్టర్, పెట్రోల్ బండి, జంతువులు.

రెండో చివర ఎందుకు చూడాలో టెక్సస్‌లో ఒక చిన్న ఎయిర్‌పోర్టు నాకు నేర్పింది. గాలి ఆకు కదలనంత నిదానంగా ఉంది. స్టూడెంట్ ఫైనల్ చూశాడు, ఖాళీ. రేడియోలో చెప్పాడు, బదులు లేదు. చెయ్యి థ్రాటిల్ మీదకి వెళ్ళింది. నేను అలవాటు కొద్దీ కుడివైపు తిరిగి చూశాను. పత్తి చేను మీద పసుపు చుక్క ఒకటి. అటూ ఇటూ జరగడం లేదు, ఉన్న చోటే పెద్దదవుతోంది. రెండు కాళ్ళూ బ్రేకు మీద పెట్టాను. కాసేపటికి మందు కొట్టే విమానం ఒకటి మా ముందు నుంచి దొర్లుకుంటూ పోయింది, రెక్క కింద గొట్టాలకి పచ్చి ఆకు ముక్కలు అతుక్కుని ఉన్నాయి, అంత దగ్గరగా. పెట్రోల్ పంపు దగ్గర ఆ పైలట్‌ని కలిశాం. ఆయన ప్రతి మలుపులోనూ రేడియోలో చెప్పాడు. కాకపోతే 122.8కి బదులు 122.9లో చెప్పాడు. మాకు నిశ్శబ్దం వినబడింది, ఆయనకీ నిశ్శబ్దమే వినబడింది. మాకెంత వణుకు వచ్చిందో ఆయనకీ అంతే వచ్చింది.

ఫ్రీక్వెన్సీ మీద వేలు పెట్టి చదవమన్నది అందుకే.

ఇంకో సంగతి, అమెరికాలో ఈ ఎయిర్‌పోర్టులు చాలావాటిలో రేడియో ఉండి తీరాలన్న నియమమే లేదు. కరెంటు వ్యవస్థే లేని పాత పైపర్ కబ్‌లు ఇప్పటికీ ఎగురుతాయి. విమానం ఎక్కడుందో ప్రసారం చేసి మిగతావాళ్ళ ట్యాబ్లెట్ మీద కనబడేలా చేసే ఏడీఎస్-బీ కూడా అంతే. 2020 జనవరి 1 నుంచి కొన్ని ఎయిర్‌స్పేస్‌లలో తప్పనిసరి చేశారు గానీ అన్నిచోట్లా కాదు. ట్యాబ్లెట్ మీద ఎవరూ లేరంటే ట్యాబ్లెట్‌కి ఎవరూ కనబడలేదని మాత్రమే. అదొక సాయం, అంతే.

రన్‌వే ఎక్కితే కదలాలి

చూశారు, విన్నారు, చెప్పారు. ఇక ఎక్కి, వెంటనే టేకాఫ్ చేయండి. రన్‌వే మీద నిలబడి చెక్‌లిస్ట్ తీయడం, హెడింగ్ సెట్ చేసుకోవడం, ముందు వెళ్ళినవాళ్ళ కోసం ఎదురుచూడటం వద్దు. అక్కడ నిలబడితే ఫైనల్ మీ వీపు వెనక ఉంటుంది. వచ్చేవాడికి, ముఖ్యంగా సాయంత్రం వెలుగులో, నేలలో కలిసిపోయి కనబడతారు. ఫైనల్‌లో 120 నాట్ల (గంటకి 120 నాటికల్ మైళ్ళ) వేగంతో వచ్చే విమానం నిమిషానికి 2 మైళ్ళు వస్తుంది. మీరు ఒక నిమిషం ఆలస్యం చేశారంటే అంత దగ్గరికి వచ్చేసినట్టే.

ఇన్‌స్ట్రుమెంట్ ఫ్లైట్ ప్లాన్ మీద బయల్దేరేవాళ్ళకి ఒక ప్రత్యేక హెచ్చరిక. కంట్రోలర్ ఫోన్‌లోనో రేడియోలోనో “రిలీజ్డ్” అన్నాడంటే రన్‌వే ఖాళీగా ఉందని కాదు. ఇన్‌స్ట్రుమెంట్ ప్లాన్ మీద ఉన్న మిగతా విమానాల నుంచి మీకు ఎడం ఇచ్చాడు, అంతే. ప్యాటర్న్‌లో తిరుగుతున్న ట్రైనర్ సంగతి ఆయనకి తెలియకపోవచ్చు. ఫలానా టైము దాటితే క్లియరెన్స్ చెల్లదు అన్నప్పుడు పుట్టే తొందర మరీ ప్రమాదం. టైము దాటిపోతే మళ్ళీ ఫోన్ చేసి ఇంకోటి తీసుకోండి.

దిగడానికి వస్తున్నప్పుడు

10 మైళ్ళ ముందే వినడం మొదలుపెట్టి, ఏ రన్‌వే వాడుతున్నారో తెలుసుకోండి. ల్యాండింగ్ లైటు వేయండి. ఎవరి మాటా వినబడకపోతే ప్యాటర్న్ కంటే బాగా పైనుంచి వెళ్ళి విండ్‌సాక్ చూడండి. ప్యాటర్న్ ఎత్తుకి ముందే దిగి, సరళ రేఖలో ఎగురుతూ, డౌన్‌విండ్ మధ్య భాగానికి 45 డిగ్రీల కోణంలో కలవండి. దిగుతూ దిగుతూ ప్యాటర్న్‌లోకి దూరితే మీ పొట్ట కింద ఉన్నవాడు మీకు కనబడడు.

ఎయిర్‌పోర్టుకి అవతలి వైపు నుంచి వస్తే, ప్యాటర్న్ ఎత్తు కంటే 500 అడుగులు పైన రన్‌వే మధ్యగా దాటి, సుమారు 2 మైళ్ళు బయటికి వెళ్ళి, చుట్టూ చూసుకుని, దిగి, తిరిగొచ్చి 45లో కలవండి. అక్కడ టర్బైన్ విమానాలు తిరుగుతుంటే వాటి ప్యాటర్న్ కూడా ఆ 500 అడుగుల పైనే ఉంటుందని గుర్తుంచుకుని ఇంకా పైనుంచి దాటండి.

డౌన్‌విండ్, బేస్, ఫైనల్, ప్రతి మలుపులోనూ రేడియోలో చెప్పండి. మలుపు మొదలుపెడుతూ చెప్తే మంచిది, వంగిన రెక్క సమంగా ఉన్న రెక్క కంటే తేలిగ్గా కనబడుతుంది. ముందు ఒకరున్నారని విన్నారా, ఆయన్ని కళ్ళతో చూసే వరకు బేస్ తిరగకండి. కనబడకపోతే “నాకు కనబడలేదు, డౌన్‌విండ్ పొడిగిస్తున్నా” అని చెప్పండి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

చూడటంలో కూడా పద్ధతి ఉంది. కళ్ళు గబగబా అటూ ఇటూ తిప్పితే ఏదీ కనబడదు. ఆకాశాన్ని 10 డిగ్రీల ముక్కలుగా చేసి, ఒక్కో ముక్క మీద కనీసం ఒక సెకను చూపు నిలపాలి. కనబడిన విమానం అద్దం మీద జరుగుతూ ఉంటే ఫర్వాలేదు. ఒకే చోట మచ్చలా నిలబడి పెద్దదవుతుంటే అది మీ మీదకే వస్తోంది. చూసి, గుర్తుపట్టి, నిర్ణయించుకుని, విమానం పక్కకి తప్పుకునే సరికి సుమారు 12.5 సెకన్లు పడుతుందని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ లెక్క.

ఫైనల్‌కి తిరిగే ముందు అసలు ఫైనల్ వైపు, అంటే దూరం నుంచి నేరుగా వచ్చే దారి వైపు ఒకసారి తప్పకుండా చూడండి. పై రెక్క విమానానికి పైన ఉన్నది కనబడదు, కింది రెక్క విమానానికి కింద ఉన్నది కనబడదు. పైపర్ పైన, సెస్నా కింద ఒకే ఫైనల్‌లో దిగుతుంటే ఒకరికొకరు అస్సలు కనబడరు.

2022 ఆగస్టు 18న కాలిఫోర్నియాలోని వాట్సన్‌విల్‌లో సెస్నా 152 ఒకటి ప్యాటర్న్‌లో తిరుగుతోంది. రెండు ఇంజన్ల సెస్నా 340 నేరుగా ఫైనల్‌కి వస్తూ 10 మైళ్ళ దగ్గరా, 3 మైళ్ళ దగ్గరా రేడియోలో చెప్పింది. దాని వేగం 180 నాట్ల దగ్గర ఉంది. చిన్న విమానం పైలట్, వెనక నుంచి అది చాలా వేగంగా వస్తోందని గమనించి గో-అరౌండ్ చేస్తానని, అంటే దిగకుండా మళ్ళీ పైకి వెళ్తానని చెప్పాడు. అప్పటికే ఆలస్యమైంది. ముగ్గురు చనిపోయారు. నేరుగా ఫైనల్‌కి వస్తున్న పెద్ద విమానం పైలట్, చిన్న విమానాన్ని చూసి తప్పుకోకపోవడమే కారణమని ఎన్‌టీఎస్‌బీ చెప్పింది.

180 నాట్లంటే నిమిషానికి 3 మైళ్ళు. 3 మైళ్ళు అని వినగానే ట్రైనర్ నడిపేవాడికి బోలెడు టైముందనిపిస్తుంది, వాడి విమానానికి అది రెండున్నర నిమిషాల దూరం కాబట్టి. అందుకే నేనొక అలవాటు చేసుకున్నాను, మీరూ చేసుకోండి. ఎవరైనా దూరం చెప్తే దాన్ని విమానం రకంతో కలిపి నిమిషాల్లోకి మార్చండి. అర్థం కాకపోతే “ఎన్ని నిమిషాల్లో వస్తారు?” అని అడిగేయండి. నేరుగా వచ్చేది మీరే అయితే, అలా రావడం తప్పు కాదు గానీ ప్యాటర్న్‌లో ఉన్నవాళ్ళ వరుస చెడగొట్టకూడదు. నా సలహా, ప్యాటర్న్‌లో ఒక్కరున్నా మీరూ ప్యాటర్న్‌లోకే రండి.

నియమం ప్రకారం ఫైనల్‌లో ఉన్నవాడిది నేల మీద ఉన్నవాడి కంటే ముందు హక్కు. ఇద్దరు దిగుతుంటే కిందున్నవాడిది. అయితే ఆ హక్కుని అడ్డం పెట్టుకుని ఇంకొకరి ముందుకి దూరడం కూడా ఆ నియమంలోనే నిషేధం. హక్కు ఎవరిదన్న వాదన నేల మీదకి వచ్చాక చేసుకోండి.

తేడా అనిపిస్తే గో-అరౌండ్

రన్‌వే మీద ఎవరో ఉన్నారు, రేడియోలో అయోమయంగా ఉంది, ముందు దిగినవాడు బయటికి పోయాడో లేదో తెలియదు. పవర్ పెట్టి పైకి వెళ్ళండి. నిర్ణయం 300 అడుగుల దగ్గరే తీసుకుంటే విమానం హాయిగా ఎక్కుతుంది, 30 అడుగుల దగ్గరైతే చెమటలు పడతాయి. కింద విమానం ఉంటే దాని నెత్తి మీదుగా వెళ్ళకుండా కొంచెం కుడికి జరగండి. మీరు ఎడమ సీట్లో ఉంటారు కాబట్టి కింద వాడేం చేస్తున్నాడో కనబడుతూ ఉంటుంది, ఒకవేళ వాడు టేకాఫ్ చేసినా మీకు తెలుస్తుంది. పక్కన ఇంకో సమాంతర రన్‌వే ఉంటే మాత్రం అటు జరగకండి. ముందు విమానం నడపండి, ఎత్తు దొరికాక రేడియోలో చెప్పండి.

దిగాక

వేగం తగ్గాక మొదటి ట్యాక్సీవేలోకి తిరిగి, తోకతో సహా పసుపు గీతలు దాటే వరకు ఆగకండి. గీత దాటగానే ఫ్లాప్స్ తీయడానికి ముందుకీ వెనక్కీ కాకుండా ఆగిపోయేవాళ్ళున్నారు, వాళ్ళ తోక ఇంకా రన్‌వే వైపే ఉంటుంది. పూర్తిగా దాటాకే “క్లియర్ ఆఫ్ రన్‌వే వన్ త్రీ” అని చెప్పండి. ఈ మాట మీద నమ్మకంతో వెనకవాడు దిగుతాడు. ట్యాక్సీవే లేక రన్‌వే మీదే వెనక్కి రావాల్సి వస్తే, తిరగక ముందే ఆ మాట చెప్పి, ఫైనల్‌లో ఎవరున్నారో తెలుసుకుని తిరగండి. ఇంజన్ ఆపే దాకా రేడియో గొంతు తగ్గించకండి. ఇద్దరు ఒకరి మాట ఒకరు తప్పుగా అర్థం చేసుకుంటున్నారని పార్కింగ్‌లో ఉన్న మీకే ముందు తెలియవచ్చు. అప్పుడు బటన్ నొక్కాల్సింది మీరే.

ఎప్పుడైనా గుండె జారేంత దగ్గరగా ఏదైనా జరిగితే, ఆ రాత్రే నాసా నడిపే ఏఎస్ఆర్ఎస్‌కి, అంటే విమాన భద్రతా రిపోర్టులు తీసుకునే విభాగానికి, రిపోర్టు రాయండి. 1976 నుంచి నడుస్తున్న వ్యవస్థ అది. రాసినవాళ్ళ పేర్లు తీసేసి, మిగతా పైలట్లకి పనికొచ్చే విషయం మాత్రం బయటికి ఇస్తారు. తప్పు మీదే అయినా, అది తెలిసి చేసింది కాకపోతే, 10 రోజుల లోపు రాసినవాళ్ళకి ఎఫ్‌ఏఏ సాధారణంగా శిక్ష వేయదు. ఆ రసీదు దాచుకోండి. పసుపు విమానం సంగతి మేమూ రాశాం, ఆయనా రాశాడు.